మూడో రోజు నెత్తురు

రెడ్‌హిల్స్ ఆస్పత్రి సెల్లార్‌లో
తెల్లారడమంటే సెంట్రిఫ్యూజ్ మూత పడ్డ చప్పుడు.
పైన నాంపల్లి వైపు మొదటి ఆటోలు దగ్గుతుంటాయి.
ఇక్కడ ఊదామూత, పసుపుమూత గొట్టాలు
తిరిగి తిరిగి
నెత్తుర్ని రెండుగా విడగొడతాయి.
కింద ముద్ద, పైన ఎండుగడ్డి రంగు నీరు.
నాకు కావాల్సింది ఆ నీరే.

పద్దెనిమిదో మంచం ఎల్లేశం,
ఉప్పల్ డిపోలో ముప్పై ఏళ్లు కండక్టరు.
పుండు పట్టిన కడుపులో మూడొంతులు తీసేసి
మిగిలిన పిసరంత సంచీని పేగుకి కుట్టారు.
మొదటి రోజు చెయ్యి చాపి అడిగాడు:
"ఏడికి కొడ్తున్నవ్ బిడ్డా టికెట్?"
సీఆర్‌పీకి, అన్నాను.
"అదేడుంటది? మెహిదీపట్నం దాటినంకనా?"
కుట్లు లాగుతాయని
పొట్టకి దిండు అదుముకుని మరీ నవ్వాడు.

ఎట్లా చెప్పను?
ఒంట్లో ఏ మూల నిప్పు రాజుకున్నా
కబురందుకున్న కాలేయం చేసే గోల అది.
కత్తి పడ్డాక అందరికీ పెరుగుతుంది,
రెండో రోజు ఎవరూ ఉలిక్కిపడరు.
మూడో రోజు దిగాలి.
దిగాల్సిన స్టాపులో దిగనివాడి మీదే కదా
కండక్టరు కన్ను.

తొంభై ఆరు.
నూట అరవై ఒకటి.
మూడో తెల్లారి, రెండు వందల ముప్పై.

మిషన్ తప్పనుకుని
కంట్రోల్ పెట్టి మళ్లీ నడిపాను.
రెండు వందల ముప్పై మూడు.
అల్బుమిన్ రెండున్నర దగ్గర చతికిలపడింది.
ఫుట్‌బోర్డు దాకా నిండిన న్యూట్రోఫిళ్లు
లింఫోసైట్లను ఏ మూలకో నెట్టేశాయి.

ఫోన్ చేస్తే సరిపోయేది. కాళ్లు వినలేదు.
నేను మెట్లెక్కి వెళ్లేసరికి
ఎల్లేశం పేపర్లో రాశిఫలాలు చదువుతున్నాడు.
జ్వరం లేదు.
నాడి కొంచెం తొందరలో ఉంది, అంతే.
ఆయన భార్య అండాలు ఫ్లాస్కు తుడుస్తూ
"మంచిగనే ఉన్నడు గదమ్మా, రాత్రి నిద్ర గూడ వోయిండు" అంది.
నిజమే, మంచిగనే ఉన్నాడు.
మనిషికి తెలియక ముందే నెత్తురుకి తెలుసు.
ఆ మాట తోచగానే భయమేసింది.
గర్వం కూడా వేసింది, దాచుకోను.

డాక్టర్ హైమవతి కాగితం రెండుసార్లు చూసి
నోటికి నీళ్లాపమన్నారు, స్కాన్‌కి పంపమన్నారు.
కుట్టు దగ్గర ఆవగింజంత కన్నం.
పక్కటెముకల సందున సన్నటి గొట్టం వేసి
చీము లాగారు.

ఇక్కడితో ఆపేస్తే ఈ కవిత నాకు బాగుండేది.
కానీ కిందటి నెల ఏడో మంచం, తస్లీమున్నీసా.
మూడో రోజు ఎనభై రెండు.
ముచ్చటైన అంకె.
పక్కన టిక్కు పెట్టింది నేనే.
ఐదో రాత్రి ఆమె పొట్ట చెక్కలా బిగుసుకుంది,
ఆరో పొద్దున మంచం మీద కొత్త దుప్పటి పరిచారు.
ఆమె నెత్తురు నాకేమీ చెప్పలేదు.
చెప్పిందేమో,
ఆ మాట పట్టే రంగు మూత గొట్టం
మా ట్రేలో లేదు.

అప్పట్నించీ
ఏ చీటీ మీదైనా "నార్మల్" అచ్చుపడే ముందు
నా వేలు మీట మీద ఓ క్షణం ఎక్కువ ఆగుతుంది.
మిషన్‌కి అది తెలియదు.
మా సూపర్‌వైజర్‌కి తెలుసు, ఏమీ అనడు.

తొమ్మిదో రోజు ఎల్లేశానికి నలభై ఒకటి.
చూపిద్దామని నేనే చీటీ పట్టుకెళ్లాను.
పాత అలవాటు, బొటనవేలితో అంచు చింపబోయి
ఆగి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
"ఇంకెన్ని స్టాపులున్నయ్ బిడ్డా?"

సూది మూత తీస్తూ
చెయ్యి చాపమన్నాను.